నైట్రో ఆఖరి రాత్రి, మా ఆఫీసు కేటీ

ముందే చెప్పేస్తున్నా, ఇది రెజ్లింగ్ గురించి. అదీ ఒలింపిక్స్‌లో ఆడే అసలు రెజ్లింగ్ కాదు, టీవీలో చెడ్డీలేసుకుని కుర్చీలతో బాదుకునే రెజ్లింగ్. "ఇంత వయసొచ్చాక కూడా అవేం చూస్తారండీ" అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేం అనుకోను. మా అమ్మ కూడా అదే అంటుంది. మిగిలినవాళ్ళకి ఒక హెచ్చరిక: మధ్యమధ్యలో మా ఆఫీసు గొడవ వస్తుంది. రెండూ నాకు ఒకే టైములో జరిగాయి, విడదీసి చెప్పడం చేతకావట్లేదు.

నేను చెప్పబోయేది డబ్ల్యూసీడబ్ల్యూ అనే కంపెనీ వాళ్ళ మండే నైట్రో గురించి. 1995 సెప్టెంబర్ 4న మొదలై 2001 మార్చి 26న ఆగిపోయిన ప్రోగ్రాం. మొదలైనప్పుడు నేనింకా పుట్టలేదు. ఆగిపోయినప్పుడు నాకు నాలుగేళ్ళు కూడా నిండలేదు. మరి నాకెందుకీ సంత అంటే, దానికి పూర్తి బాధ్యత మా పెద్దమ్మ కొడుకుది.

మాది ఒంగోలు. నేను బళ్ళో ఉన్నప్పుడు టెన్ స్పోర్ట్స్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ వచ్చేది. ట్రంప్ కార్డ్స్ గుర్తున్నాయి కదా? ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ర్యాంకు. పదమూడో ఎక్కం రానివాడు కూడా అండర్‌టేకర్ బరువు పౌండ్లతో సహా చెప్పేవాడు. మా అన్నయ్య నాకంటే పదకొండేళ్ళు పెద్ద. వేసవి సెలవులకి వాళ్ళింటికెళ్ళి నేను టీవీ ముందు నోరు తెరుచుకుని కూర్చుంటే, "ఇదేం చూస్తావురా, అసలు మజా నైట్రోలో ఉండేది" అని మూలుగుతూ అటూ ఇటూ తిరిగేవాడు. వాడి దగ్గర ఒక వీడియో క్యాసెట్టు ఉండేది. అద్దెకి తెచ్చి తిరిగివ్వనిది. షాపే మూసేశారు కాబట్టి ఆ పాపం తనకి అంటలేదని ఇప్పటికీ వాదిస్తాడు. అందులో ముఖానికి తెలుపూ నలుపూ రంగులేసుకుని, పొడుగు నల్ల కోటుతో, పై కప్పు మీంచి తాడు పట్టుకుని రింగులోకి దిగేవాడొకడు. స్టింగ్. మా అమ్మమ్మ ఒకసారి చూసి "వీడెవడ్రా, పగటేషగాడిలా ఉన్నాడు" అంది. ఇంతకంటే మంచి వర్ణన నేను ఇంగ్లీషులో కూడా ఎక్కడా చదవలేదు.

సరే, 2023కి వద్దాం. హైదరాబాదులో నేను పనిచేసే కంపెనీని పోటీ కంపెనీ కొనేసింది. పేర్లు అనవసరం. ఏళ్ళ తరబడి మా ప్రతి మీటింగులో "వాళ్ళకంటే మనం ఎందుకు బెటరు" అని స్లయిడ్లు చూపించారు కదా, ఆ "వాళ్ళే". ఒక గురువారం సాయంత్రం ఐదింటికి టౌన్‌హాల్ అన్నారు. ఆరింటికల్లా మేం "వాళ్ళం" అయిపోయాం. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో ఏదో వెతుకుతుంటే పాత నైట్రో ఎపిసోడ్లు కనిపించాయి. మొదటిదాన్నుంచి మొదలెట్టా. రోజుకి ఒకటి, రెండు. ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అదేదో తప్పు పని చేస్తున్నట్టు.

తెలియనివాళ్ళకి కాస్త కథ చెప్పాలి. అప్పట్లో అమెరికాలో రెజ్లింగ్ అంటే విన్స్ మెక్‌మాన్ గారి డబ్ల్యూడబ్ల్యూఎఫ్. సోమవారం రాత్రి వాళ్ళ 'రా' వచ్చేది. టెడ్ టర్నర్ (సీఎన్ఎన్, కార్టూన్ నెట్‌వర్క్ పెట్టినాయన) దగ్గర డబ్ల్యూసీడబ్ల్యూ అని ఇంకో కంపెనీ ఉండేది. దాన్ని నడుపుతున్న ఎరిక్ బిషాఫ్, సరిగ్గా అదే సోమవారం, అదే టైముకి, టర్నర్ వాళ్ళ టీఎన్‌టీ ఛానెల్లో నైట్రో మొదలెట్టాడు. మొదటి ఎపిసోడు ఎక్కడ తీశారో తెలుసా? మిన్నెసోటాలో మాల్ ఆఫ్ అమెరికా అనే షాపింగ్ మాల్లో. జనం ఎస్కలేటర్ల దగ్గరా, పై అంతస్తుల రెయిలింగుల దగ్గరా నిలబడి చూస్తున్నారు. మధ్యలో లెక్స్ లూగర్ నడుచుకుంటూ వచ్చాడు. అతను నిన్న మొన్నటిదాకా అవతలి కంపెనీ మనిషి. నోటీస్ పీరియడ్ లేదు, ఎగ్జిట్ ఇంటర్వ్యూ లేదు, రిలీవింగ్ లెటర్ లేదు. మూడు నెలల నోటీసు కింద నలిగిపోతున్న నాబోటిగాళ్ళకి ఆ సీను ఎంత కన్నులపండుగో చెప్పలేను. :)

ఇంకో దుర్మార్గం కూడా చేసేవాడు బిషాఫ్. నైట్రో లైవ్. రా చాలా వారాలు ముందే రికార్డు చేసి వేసేవాళ్ళు. అందుకని ఈయన కామెంట్రీలో కూర్చుని "అక్కడ ఫలానావాడు గెలుస్తాడు, మీరు ఛానెల్ మార్చక్కర్లేదు" అని ఫలితాలు చెప్పేసేవాడు. సినిమా హాలు బయట నిలబడి లోపలికి వెళ్ళేవాళ్ళకి క్లైమాక్సు చెప్పడం అన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1996 మే 27న ఒక మ్యాచ్ జరుగుతుండగా జనంలోంచి మామూలు బట్టల్లో ఒకడు రింగులోకొచ్చి మైకు తీసుకున్నాడు. స్కాట్ హాల్. వాడు కూడా అవతలి కంపెనీ వాడే. కొన్ని రోజులకి కెవిన్ నాష్ వచ్చాడు. మూడోవాడు ఇంకొకడున్నాడు, ఎవరో చెప్పం అన్నారు. జులై 7న ఒక పే-పర్-వ్యూలో తెలిసింది, ఆ మూడోవాడు హల్క్ హోగన్. దీన్ని మనవాళ్ళకి ఎలా చెప్పాలా అని చాలాసేపు ఆలోచించా. పదేళ్ళకి పైగా పిల్లలందరికీ 'విటమిన్లు తినండి, ప్రార్థన చేసుకోండి' అని చెప్పిన హీరో అతను. కురుక్షేత్రంలో ఎన్టీఆర్ కృష్ణుడి వేషంలో రథం దిగి, నడుచుకుంటూ వెళ్ళి దుర్యోధనుడి పక్కన నిలబడ్డాడనుకోండి. (దానవీరశూరకర్ణలో ఆ రెండు వేషాలూ ఆయనే వేశారు కదా అంటారేమో, అది వేరే సంగతి.) జనం రింగులోకి చెత్త విసిరారు. కప్పులూ, సీసాలూ, చేతిలో ఏది ఉంటే అది. ఎన్‌డబ్ల్యూఓ అనే ముఠా అలా పుట్టింది. అక్కణ్ణుంచి వరసగా 83 వారాలు నైట్రో రేటింగులో రాని ఓడించింది.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ ముఠా కంటే మొదటి గంట ఎక్కువ నచ్చింది. చిన్న సైజు మనుషులు, రే మిస్టీరియో, ఎడ్డీ గెరేరో, డీన్ మలెంకో, క్రిస్ జెరికో. గాల్లో గిరగిరా తిరుగుతూ ప్రాణాలు పణంగా పెట్టి ఆడేవాళ్ళు. ఆ తర్వాత పెద్ద తలకాయలు వచ్చి ఇరవై నిమిషాలు మైకులో మాట్లాడి వెళ్ళిపోయేవి. పెద్దవాళ్ళకి ఆడినా ఆడకపోయినా డబ్బొచ్చే గ్యారంటీ కాంట్రాక్టులు. హోగన్‌కయితే తన కథ ఎలా నడవాలో తనే నిర్ణయించుకునే క్లాజు కూడా ఉండేది. మా ఆఫీసులో ప్రొడక్షన్ సపోర్ట్ వాళ్ళనీ, ఆర్కిటెక్టులనీ తలుచుకుని నవ్వుకున్నా. జెరికో 1999లో వెళ్ళిపోయాడు, గెరేరో, మలెంకో వాళ్ళు 2000 జనవరిలో వెళ్ళిపోయారు. ఎక్కడికో చెప్పక్కర్లేదుగా.

ఇక్కడ మా ఆఫీసు కథ.

కంపెనీ కొనేసిన నెలకి మేనేజరు నన్ను చిన్న మీటింగ్ రూములోకి పిలిచి తలుపేశాడు. బిల్లింగ్ మాడ్యూలు మొత్తం ఆరు వారాల్లో కేటీ తీసుకోవాలి అన్నాడు. ఎవరి దగ్గర్నుంచి? మా లీడ్ దగ్గర్నుంచి. ఆయన్ని టీము మొత్తం గురువుగారూ అనే పిలిచేది. పన్నెండేళ్ళుగా ఆ మాడ్యూలు ఆయన బిడ్డ. "ఆయన వేరే ప్రాజెక్టుకి వెళ్తున్నారా?" అన్నా. మేనేజరు కాసేపు టేబుల్ వంక చూసి, "నీ పేరు లిస్టులో ఉంది. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అన్నాడు. నా పేరు ఉన్న లిస్టులో ఎవరి పేరు లేదో అడగలేదు. అడగక్కర్లేకపోయింది.

సిగ్గుపడుతూనే చెప్తున్నా, ఆ గదిలోంచి బయటికొచ్చినప్పుడు ముందు నాకు కలిగింది బాధ కాదు, హమ్మయ్య అనిపించింది.

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం మూడింటికి కేటీ. గురువుగారికి చెప్పింది 'డాక్యుమెంటేషన్ ఇనిషియేటివ్' అని. ఆయన కుర్చీ జరుపుకుని, తన ఫ్లాస్కులో టీ రెండు కప్పుల్లో పోసి, మొదలెట్టేవారు. రాత్రి రెండింటికి నడిచే బ్యాచ్ జాబు. నెలాఖరు లెక్కలు. లీపు సంవత్సరం కోసం పెట్టిన ప్యాచ్. ఒక స్క్రిప్టులో ఏ కారణం లేకుండా నలభై సెకన్ల స్లీప్ ఉంటుంది. "చూసినవాడల్లా దీన్ని తీసేద్దామంటాడయ్యా. తియ్యకు. బ్యాంకు నుంచి వచ్చే ఫైలు ఒక్కోసారి ముప్ఫై సెకన్లు లేటవుతుంది. ఆ సంగతి బ్యాంకు వాళ్ళక్కూడా తెలీదు" అని నవ్వేవారు. నేను తలూపుతూ రాసుకునేవాణ్ణి.

రెజ్లింగులో కేఫేబ్ అని ఒక మాట ఉంది. పాత తిరునాళ్ళ రోజుల్నుంచి, అంటే అమెరికా తిరునాళ్ళన్నమాట, వచ్చిన వృత్తి పరిభాష. ఇదంతా నాటకం అన్న నిజాన్ని బయటివాళ్ళ ముందు ఎప్పుడూ ఒప్పుకోకుండా ఉండటం. రింగులో శత్రువులు బయట ఒకే కార్లో కనపడకూడదు. మా అమ్మ "ఉత్తుత్తినే కొట్టుకుంటార్రా" అంటే, "నువ్వు చూసే సీరియల్లో అత్తాకోడళ్ళు నిజం అత్తాకోడళ్ళా?" అని నేను ఎదురడిగేవాణ్ణి. నా లెక్కలో కేఫేబ్ మోసం కాదు, ఎందుకంటే చూసేవాడికి తెలుసు. ఇద్దరికీ తెలిసి ఆడుకునే ఆట అది. మా కేటీలో అలా కాదు. ఒకడికే తెలుసు. లేదా అలా అని నేను అనుకున్నా.

ఆ రోజుల్లోనే నేను స్టింగ్ కథ దగ్గరికొచ్చా. మనిషి ఏడాదికి పైగా ఒక్క మ్యాచ్ ఆడలేదు, దాదాపు ఒక్క మాట మాట్లాడలేదు. పై కప్పు దూలాల మీద నిలబడి హోగన్ ముఠాని చూస్తూ ఉంటాడు. అంతే. ఇంత కాలం ఊరించి చివరికి 1997 డిసెంబర్ 28న స్టార్‌కేడ్‌లో ఇద్దరికీ మ్యాచ్ పెట్టారు. ప్లాను ఏమిటంటే రెఫరీ హోగన్‌కి అనుకూలంగా గబగబా మూడు లెక్కపెట్టి అన్యాయం చెయ్యాలి, అప్పుడు బ్రెట్ హార్ట్ వచ్చి ఆ అన్యాయాన్ని సరిచెయ్యాలి. తీరా రెఫరీ మామూలుగానే లెక్కపెట్టాడు! అంటే చూసేవాళ్ళకి స్టింగ్ సక్రమంగానే ఓడిపోయినట్టు, ఆ పైన ఎవడో వచ్చి అడ్డం తిరిగి గెలిపించినట్టు అయింది. ఏడాది శ్రమ మూడు సెకన్లలో బూడిదలో పోసినట్టయింది. తప్పు రెఫరీదా, హోగన్‌దా, ఇంకెవరిదైనానా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. పాతికేళ్ళు దాటినా ఆ రూట్ కాజ్ అనాలిసిస్ క్లోజ్ అవలేదు.

అక్కణ్ణుంచి దిగజారుడే. అంటే ఒక్కసారిగా కాదు. 1998లో డబ్బు బాగానే వస్తోంది, నైట్రోని మూడు గంటలు చేశారు, గోల్డ్‌బర్గ్ లాంటి వాణ్ణి తయారుచేశారు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు రెండు నిమిషాల్లో పడగొట్టి వెళ్ళిపోయేవాడు, మాటల్లేవు. జులై 6న అట్లాంటాలో జార్జియా డోమ్‌లో దాదాపు నలభై వేల మంది ముందు హోగన్‌ని ఓడించాడు. మా అన్నయ్య ఆ మ్యాచ్ గురించి మాట్లాడితే ఇప్పటికీ లేచి నిలబడతాడు. కానీ ఆ మ్యాచ్‌ని పే-పర్-వ్యూలో పెట్టి ఉంటే కోట్లు వచ్చేవి. ఆ వారం రేటింగు కోసం ఫ్రీగా వేసేశారు. అదే అక్టోబర్లో హాలోవీన్ హావక్ అని పే-పర్-వ్యూ, మూడు గంటల స్లాటుకి మూడున్నర గంటల ప్రోగ్రాం పెట్టుకున్నారు. గోల్డ్‌బర్గ్ మ్యాచ్ వచ్చే వేళకి డబ్బు కట్టిన చాలామంది ఇళ్ళలో బొమ్మ పోయింది. మర్నాడు నైట్రోలో ఆ మ్యాచ్ ఊరికే వెయ్యాల్సొచ్చింది. కెపాసిటీ ప్లానింగ్ మీద ఎవరైనా పాఠం చెప్పాల్సొస్తే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక 1999 జనవరి 4. మళ్ళీ జార్జియా డోమ్. గోల్డ్‌బర్గ్‌ని వారం కిందటే ఓడించిన నాష్‌కీ హోగన్‌కీ టైటిల్ మ్యాచ్. హోగన్ ఒక్క వేలితో నాష్ గుండె మీద పొడిచాడు. ఏడడుగుల నాష్ తుపాకీ గుండు తగిలినట్టు వెల్లకిలా పడిపోయాడు. ఒకటి, రెండు, మూడు. హోగన్ ఛాంపియన్. ఇద్దరూ కావలించుకుని నవ్వుకున్నారు. నేను ఈ క్లిప్ వేరేగా చాలాసార్లు చూశా, నవ్వొచ్చేది. వరసగా మూడేళ్ళ ఎపిసోడ్లు చూసి అక్కడికొస్తే మాత్రం నవ్వు రాలేదు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనాన్ని చూసి నవ్వుతున్నట్టుంది.

అదే రాత్రి ఇంకోటి జరిగింది. రా ముందే రికార్డయింది. అందులో మిక్ ఫోలీ మొదటిసారి ఛాంపియన్ అవుతాడు. చెవి తెగినా, పళ్ళు ఊడినా ఆడుతూ వచ్చిన మనిషి, అందంగా ఉండడు, జనానికి ప్రాణం. బిషాఫ్ చెప్పమన్నాడని నైట్రో కామెంటేటర్ టోనీ షియవోనీ ఆ ఫలితం బయటపెట్టేసి, వెటకారంగా ఒక మాట కూడా అన్నాడు. అది విని లక్షల మంది అప్పటికప్పుడు ఛానెల్ మార్చారు. ఫోలీ గెలవడం చూడ్డానికి. ఫలితం తెలిస్తే ఎవరూ చూడరని వీళ్ళ లెక్క. తెలిసింది కాబట్టే చూశారు. తమవాడు గెలుస్తాడని తెలిశాక ఎవడు ఇంట్లో ఊరికే కూర్చుంటాడు?

ఈ ఎపిసోడ్ నేను చూసిన వారమే, కేటీ నాలుగో వారం, గురువుగారు టీ పోస్తూ, "ఏమయ్యా, నీకు ఈ రియల్ ఎస్టేట్ సంగతులు తెలుసా? బాచుపల్లిలో ఫ్లాటు చూశాం. అమ్మాయి ఇంటర్ కాలేజీ దగ్గర. శనివారం టోకెన్ అడ్వాన్సు ఇమ్మంటున్నారు. లోనుకి పే స్లిప్పులు కూడా తీసిపెట్టా" అన్నారు.

నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. చెప్తే నా ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఆయన ఇరవయ్యేళ్ళ అప్పు నెత్తిన పెట్టుకుంటారు, రెండు వారాల తర్వాత జీతం ఉండదు. మేనేజరు 'మనిద్దరి మధ్యే' అన్న మాట చెవిలో మోగుతోంది. నేను ఎంత ధైర్యవంతుణ్ణంటే, గోడ మీది వైట్‌బోర్డు వంక చూస్తూ, "ఒక నెల ఆగండి గురువుగారూ. రేట్లు తగ్గుతాయంటున్నారు" అన్నా.

హైదరాబాదులో. రేట్లు తగ్గుతాయని. నాకే నవ్వొచ్చేంత అబద్ధం.

ఆయన నా వంక ఒక్క క్షణం చూశారు. "సరేలే" అన్నారు. టీ తాగారు. కప్పు పక్కన పెట్టి, "ఎక్కడున్నాం? ట్యాక్స్ రౌండింగు కదా" అన్నారు. నా నోట్సులో ఆ రోజు ట్యాక్స్ రౌండింగు గురించి ఏమీ లేదు. మర్నాడు ఆయనే మళ్ళీ చెప్పారు, నేను అడక్కుండానే.

మిగిలిన రెండు వారాలూ ఆయన ఒక్కరోజు కూడా కేటీ మానలేదు, ఒక్క విషయం కూడా దాచలేదు. నాకు అదే అర్థం కాలేదు. నేనైతే దాచేవాణ్ణి. కనీసం ఆ నలభై సెకన్ల సంగతి.

చివరి రోజు శుక్రవారం. పొద్దున పదింటికి హెచ్ఆర్ పిలుపు, పదిన్నరకి ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు, పదకొండింటికి ఆయన ఫ్లాస్కు పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డారు. మేం పదిమందిమి చుట్టూ నిలబడ్డాం, ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీదు. నాతో ప్రత్యేకంగా ఏమీ అనలేదు. భుజం మీద చెయ్యేసి, తీశారు.

ఆ రాత్రి మధ్యలో ఎపిసోడ్లన్నీ వదిలేసి సరాసరి ఆఖరిది పెట్టా.

వేలితో పొడిచిన ఆ రాత్రే డబ్ల్యూసీడబ్ల్యూని చంపిందని చాలామంది అంటారు. మా అన్నయ్య కూడా అదే వాదన. నేను పూర్తిగా ఒప్పుకోను. జనం వెళ్ళిపోవడం నిజం, 2000లో ఆరు కోట్ల డాలర్లకి పైగా నష్టం వచ్చిందంటారు, ఒక సినిమా నటుణ్ణి ఛాంపియన్‌ని చేసిన ఘనత కూడా ఆ ఏడాదిదే. కానీ అన్నీ పోయాక కూడా ప్రతి వారం లక్షల మంది చూస్తున్నారు. టైమ్ వార్నర్ ఏఓఎల్‌లో కలిశాక టెడ్ టర్నర్ చేతిలో పెత్తనం పోయింది. టర్నర్ ఛానెళ్ళ మీదికి కొత్తగా వచ్చిన జేమీ కెల్నర్ గారు మా ఛానెళ్ళలో రెజ్లింగ్ వద్దనేశారు. బిషాఫ్ కొందరు మదుపుదార్లని కూడగట్టి కంపెనీ కొందామని వచ్చాడు, టీవీ స్లాటు లేని రెజ్లింగ్ కంపెనీ ఎవడికి కావాలి, ఆ బేరం పోయింది. మార్చి 23న విన్స్ మెక్‌మాన్ కొనేశాడు. మొత్తం కలిపి యాభై లక్షల డాలర్ల లోపే. 83 వారాలు తనని ఓడించినదాన్ని. ప్రొడక్టులో బగ్గులుండటం వేరు, కొత్త యజమాని పవర్‌పాయింటులో దానికి చోటు లేకపోవడం వేరు. రెండోదానికి ప్యాచ్ లేదు.

2001 మార్చి 26. ఫ్లోరిడాలో పనామా సిటీ బీచ్. సెలవులకొచ్చిన కాలేజీ కుర్రాళ్ళ మధ్య ఆరుబయట రింగు. నైట్రో మొదలవ్వగానే తెర మీద విన్స్ మెక్‌మాన్! ఆయన ఉన్నది క్లీవ్‌ల్యాండ్‌లో, తన రా దగ్గర. రెండు ఛానెళ్ళలోనూ ఆయనే. ఆ రాత్రి ఆయన జెఫ్ జారెట్ అనే ఆటగాణ్ణి టీవీలోనే, అందరి ముందూ, పేరు చెప్పి మరీ తీసేశాడు. తర్వాత రా రింగులో నిలబడి డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతూ, వీణ్ణి ఉంచుదామా, వీణ్ణి ఉంచుదామా అన్నట్టు జనం అరుపులు విన్నాడు. అది స్క్రిప్టే. ఆయన వేసేది విలన్ వేషమే. అయినా నేను అక్కడ వీడియో ఆపి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చా. ఎందుకంటే ఆయన చదివిన పేర్లవాళ్ళు కాక, తెర వెనక ఇంకా బోలెడంత మంది ఉన్నారు, రెఫరీలు, కెమెరావాళ్ళు, ఆఫీసువాళ్ళు, వాళ్ళకి ఆ రాత్రి స్క్రిప్టు లేదు. చివరికి రెండు డజన్లకి కాస్త అటూ ఇటూ ఆటగాళ్ళ కాంట్రాక్టులే తీసుకున్నారు.

చివరి మ్యాచ్ స్టింగ్‌కీ రిక్ ఫ్లెయిర్‌కీ. మొదటి నైట్రోలో, ఆ షాపింగ్ మాల్లో కూడా వీళ్ళిద్దరూ ఆడారు. ఫ్లెయిర్‌కి అప్పటికి యాభై రెండేళ్ళు, వొంటి మీద టీషర్టు తియ్యలేదు. గొప్ప మ్యాచేం కాదు. ఇద్దరికీ ఒకరి ఆట ఒకరికి కంఠతా వచ్చు, ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బో. స్టింగ్ గెలిచాడు. తర్వాత ఇద్దరూ రింగు మధ్యలో కావలించుకున్నారు. కేఫేబ్ లేదు, ఏమీ లేదు.

అందరికీ తర్వాత ఏదో ఒకటి దొరికింది లెండి. గోల్డ్‌బర్గ్ 2003లో అటే వెళ్ళాడు, నేను ఒంగోల్లో కూర్చుని చూసింది ఆయన్నే. స్టింగ్ 2024 మార్చిలో, అరవై నాలుగేళ్ళ వయసులో చివరి మ్యాచ్ ఆడి గెలిచి మరీ రిటైరయ్యాడు. స్కాట్ హాల్ 2022లో పోయాడు. హోగన్ 2025 జులైలో పోయినప్పుడు మా అన్నయ్య పొద్దున్నే ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా సంగతికొస్తే, కొత్త యాజమాన్యం కోడ్ రివ్యూ పెట్టింది. ఎవరో తెలివైన కుర్రాడు నలభై సెకన్ల స్లీప్ తీసేశాడు. నేను సెలవులో ఉన్నా, చూసుకోలేదు. నెలాఖరు రాత్రి రెండింటికి బ్యాచ్ పడిపోయింది. స్లీప్ తిరిగి పెట్టేశా గానీ, సగం నడిచి ఆగిపోయిన లెక్కలు ఎక్కణ్ణుంచి మళ్ళీ మొదలెట్టాలో నా నోట్సులో లేదు. గురువుగారి డాక్యుమెంటు ఆఖరి పేజీ చూశా. ఫోన్ నంబరుంది, కింద 'ఎప్పుడైనా' అని రాసుంది. అప్పటికి ఆయన వెళ్ళి ఏడు నెలలు. నేను ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. ఉద్యోగం దొరికిందని ఎవరో చెబితే విన్నా, అంతే.

రెండో రింగుకే ఎత్తారు. క్షమాపణతో మొదలెడదామనుకున్నా, నోట్లోంచి బ్యాచ్ సంగతే వచ్చింది. ఏ టేబుల్లో ఏ ఫ్లాగు మార్చాలో నిద్రమత్తులోనే చెప్పారు. జాబు మళ్ళీ నడవడం మొదలెట్టింది. ఇద్దరం లైన్లోనే ఉన్నాం, అది అయ్యేదాకా పావుగంట.

"రేట్లు తగ్గుతాయన్నావు కదయ్యా" అన్నారు.

నేను ఏమీ అనలేకపోయా.

"ఎక్కడ తగ్గాయి, చదరప్పడుగుకి మూడొందలు పెరిగింది. పోయిన నెల కొన్నాం. ఆదివారం గృహప్రవేశం, మీ ఆవిణ్ణి కూడా తీసుకురా" అన్నారు.